కెమెరాకు పెట్టిన బొట్టు

పండుగ వెళ్ళిన మర్నాడు పొద్దున్నే సాయిదుర్గ దేవుడి గూట్లోంచి కెమెరా తీసింది. వెనక్కి తిప్పి చూసి, ఉన్నచోటనే కూలబడింది.

వెనకవైపు చిన్న తెర పాలు పోసినట్టు తెల్లగా ఉంది. బటన్ నొక్కితే కెమెరా కుయ్యిమని లేచింది. ముందున్న కన్ను బయటికి వచ్చింది, తెర లోపల వెలుగూ వచ్చింది. కానీ ఆ వెలుగులో ఏముందో తెలియడం లేదు. గోడకున్న క్యాలెండర్ వైపు పెట్టింది. క్యాలెండర్ లేదు, గోడ లేదు, అంతా ఒకటే మసక. చీర చెంగుతో తుడిచింది. నోటి ఆవిరి పట్టించి మళ్ళీ తుడిచింది. తెల్లదనం పోలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే సన్నసన్నని గీతలు కనిపించాయి. గుండ్రంగా, తోమిన గిన్నె అడుగున ఉండేలాంటి గీతలు.

ఆ గుండ్రటి గీతలు చూడగానే ఆమెకు విషయం అర్థమైపోయింది.

"అత్తయ్యా!"

ముసలమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏటే? ఏటైపోనాది?"

"ఈ కెమెరాను తోమారా?"

"తోమడమేటి? తుడిసినాను."

"దేంతో?"

"పళ్ళపొడితో. రవ్వంతే ఏసినాను. ఎండి కుందులు దాంతోనే కదా తోముతాను, ఎంత తళతళలాడతాయో నువ్వే సూసినావు కదా."

"కుంది, కెమెరా ఒకటేనా అత్తయ్యా? అసలు దీన్ని తుడవాల్సిన పనేమొచ్చింది?"

"బొట్టు పట్టేసినాది మరి. గంధం ఎండిపోయి, కుంకం మరకైపోయి, సూడ్డానికి ఏటోలా ఉండినాది. ఆయుధ పూజకి సూరిగాడి బండికి బొట్టెట్టినాం, కత్తిపీటకెట్టినాం, కుట్టుమిషనుకెట్టినాం. దీనికి ఎట్టకపోతే ఎలగ? నీకింత పేరు తెచ్చినాది. ముందుపక్క కన్నుంది, కంట్లో బొట్టెడతామేటి, తప్పు కదా? అందుకే ఎనక్కి తిప్పి నుదుటనెట్టినాను."

"అది నుదురు కాదు అత్తయ్యా!"

"మరేటి?"

సాయిదుర్గ కెమెరాను చెంగులో చుట్టేసింది. ఇంకెవరైనా ఈ పని చేసి ఉంటే వీధి అంతా వినేలా అరిచేది. కానీ ఫొటోలు తీయడానికి మొట్టమొదటిసారి బయటి ఇంటికి పిలుపు వచ్చినప్పుడు, భర్త సూరి నసుగుతుంటే, "ఎల్లనీరా, వంట నాను సూసుకుంటాను" అన్న మనిషి ఈవిడే. ఆ మనిషి ఇప్పుడు తడి చేతులతో నిలబడి, చేసిన తప్పేమిటో తెలియక బిత్తరపోయి చూస్తోంది. ఆమె మీద ఎలా అరుస్తుంది?

విజయనగరం వైపు నుంచి వచ్చి మల్కాజ్‌గిరిలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు వాళ్ళు. సూరి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబులు పంపే ఆఫీసులో పనిచేస్తాడు. ఆ ఆఫీసు మేనేజరు కొత్త కెమెరా కొనుక్కుని పాతది వదిలించుకుంటుంటే సూరి తెచ్చాడు. అప్పటికే అది పాతబడ్డ మోడలు. కన్ను ఆనించి చూసే రంధ్రం కూడా లేదు. ఏం తీయాలన్నా, తీసింది చూడాలన్నా వెనకున్న తెరే దిక్కు.

ఆ తెరతోనే సాయిదుర్గకు పేరొచ్చింది. కాలనీలో ఒకరింట్లో వరలక్ష్మీ వ్రతానికి సరదాగా ఫొటోలు తీసింది. తీసిన ప్రతిసారీ ఆ మనిషి దగ్గరికి వెళ్ళి చూపించింది. "బాగుందా పిన్నిగారూ? ఉంచనా, తీసెయ్యనా?" అని అడిగింది. వద్దంటే అక్కడికక్కడే చెరిపేసి మళ్ళీ తీసింది. అంతవరకు ఆ ఆడవాళ్ళనెవరూ ఆ మాట అడగలేదు. స్టూడియో వాళ్ళు వస్తారు, లైట్లు కొడతారు, పోతారు. ఆల్బం వచ్చేసరికి ఒకరికి కళ్ళు మూసుకుపోయి ఉంటాయి, ఇంకొకరికి పైట జారి ఉంటుంది, ఇక జన్మంతా అదే ముఖం అందరికీ చూపించుకోవాలి. సాయిదుర్గ దగ్గర ఆ భయం లేదు. కెమెరా కనబడగానే గదిలోకి తప్పుకునే ముసలివాళ్ళు కూడా ఆమె ముందు నిలబడేవాళ్ళు. అలా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మాట పాకింది. "చూపించి తీస్తుందే, ఆవిడ్ని పిలవండి" అనేవారు. మొన్నటి దాకా సూరి భార్య అంటే తప్ప ఎవరికీ తెలియని మనిషి ఇప్పుడు చూపించే ఫొటోలావిడ అయింది.

రేపు ఆదివారం యాప్రాల్‌లో సుకన్య అనే అమ్మాయికి శ్రీమంతం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఆమె ఫోన్ చేసి ఒకే మాట చెప్పింది. "అక్కా, వేరే ఫొటోలు ఎట్లొచ్చినా పర్వాలే. మా అమ్మమ్మది ఒక్కటి మంచిగ కావాలె. మా అన్న పెండ్లిల నోట్లె లడ్డు పెట్టుకున్నప్పుడు తీసి ఆల్బంల ఇంత పెద్దగ ఏసిన్రు. అప్పటిసంది ఫొటో అంటేనే లేచి పోతది. మీరు సూపించి ఉంచుతరని చెప్పి, మస్తు బతిమాలి ఒప్పించిన."

ఆ తెర లేకపోతే రేపు ఆ ముసలావిడ లేచి లోపలికి వెళ్ళిపోతుంది. ఆవిడ వెళ్ళిపోతే సాయిదుర్గకూ స్టూడియో వాళ్ళకూ తేడా ఏముంది?

పదిగంటల బస్సుకి సికింద్రాబాద్ బయల్దేరింది.

ప్యాట్నీ దగ్గర సందులో పురుషోత్తం కెమెరాల షాపు ఉంది. ఒకప్పుడు ఫిలిం రీళ్ళు అమ్మేవాడు, ఇప్పుడు అద్దాల బీరువా నిండా వెండిరంగు కెమెరాలు పెట్టుకుని కూర్చున్నాడు. సాయిదుర్గ ఇచ్చిన దాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వాడు.

"ఏందమ్మా, దీన్ని ఇంకా వాడుతున్నవా? గీ మోడల్ కంపెనోళ్ళే మర్చిపోయిన్రు."

"పైన అద్దం ఒక్కటి మార్చండి చాలు."

"అద్దం ఒక్కటే అలగ్ రాదు. ఎనక డబ్బా పూరా రావాలె."

"అయితే డబ్బా తెప్పించండి."

"గది రాదు."

"రాదంటే?"

"రాదంటే రాదమ్మా. బందైపాయె." అతను కెమెరాను వెలుతురులో పెట్టి కళ్ళు చికిలించాడు. "ఏం జేసిన్రు దీన్ని? ఇసుకతోని రుద్దిన్రా?"

"పళ్ళపొడి" అని సాయిదుర్గ చిన్న గొంతుతో చెప్పింది.

పురుషోత్తం ఆమె ముఖంలోకి చూశాడు. జోకు వేస్తోందేమో అనుకున్నట్టున్నాడు. "ఎందుకు, పండ్లున్నయా దీనికి?"

పక్కన బ్యాటరీలు కొనుక్కుంటున్న ఆయన కిసుక్కున నవ్వాడు. సాయిదుర్గకు ఒళ్ళు మండింది. అయినా పని తనది కదా, దిగమింగుకుంది.

"లోపలి స్క్రీను పాడైందా, పైన కవరు ఒక్కటే పాడైందా? అదైనా చెప్పండి."

"ఇప్పి సూస్తే తెలుస్తది."

"విప్పండి మరి."

"ఇప్పితే మల్ల బంద్ కాదు. గీ కంపెనీది గంతే. అందుకే చెప్తున్న, కొత్తది తీస్కో. గిది సూడు, ఎనక స్క్రీను ఎంత పెద్దగున్నదో. మెగాపిక్సెల్..."

"నాకు మెగాపిక్సెళ్ళు వద్దండీ. అద్దం కావాలి."

"గదే నేను చెప్తున్న, గది రాదని."

మళ్ళీ మొదటికొచ్చింది. కెమెరా లాక్కుని బయటికి నడిచింది.

కంపెనీ వాళ్ళ సర్వీసు సెంటరు మేడ మీద ఉంది. అద్దాల తలుపు, చల్లటి గాలి, టోకెన్ ఇచ్చే మిషను. కౌంటరులో అమ్మాయి కెమెరాను చేత్తో కూడా ముట్టుకోలేదు. కింద అంటించి ఉన్న నంబరును కంప్యూటరులో కొట్టి, "మోడల్ డిస్కంటిన్యూడ్ మేడం" అంది.

"అద్దం ఒక్కటే..."

"లీవ్ చేసి వెళ్ళండి మేడం. ఎస్టిమేట్ కోసం పంపిస్తాం. పార్ట్ ఉంటే చేస్తారు, లేకుంటే రిటర్న్ చేస్తారు."

"ఎప్పటికి?"

"అది చెప్పలేం మేడం."

"నాకు రేపే కావాలమ్మా. రేపు శ్రీమంతం ఉంది."

ఆ అమ్మాయి ఒక్క క్షణం నిజంగానే జాలిపడ్డట్టు చూసింది. "కంగ్రాట్స్ మేడం. కానీ రేపు సండే."

శ్రీమంతం తనది కాదని చెప్పే ఓపిక కూడా లేకపోయింది సాయిదుర్గకు. మెట్లు దిగి వచ్చేసింది.

ఎండ నెత్తి మీదికొచ్చింది. స్టేషను ఎదురు ఫుట్‌పాత్ మీద గొడుగు కింద సెల్‌ఫోన్లకు లామినేషన్ అంటించేవాడు ఒకడు కూర్చున్నాడు. ముందు చిన్న బల్ల, బ్లేడు, చుట్టచుట్టలుగా ప్లాస్టిక్ కాయితాలు. ఎదురుగా నలుగురైదుగురు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. సాయిదుర్గ వంతు వచ్చాక కెమెరా చూసి తల అడ్డంగా ఊపాడు.

"గిది సెల్ కాదు గద."

"అద్దం అద్దమే కదయ్యా. గీతలు కనబడకుండా ఏదో ఒకటి అంటించు."

అతను బ్లేడుతో కొలత పెట్టి కోసి, వెనక కాయితం ఒలిచి, తెర మీద అంటించి పాత కార్డుతో నొక్కాడు. వింతగా మధ్యలో కాస్త మసక విడిపోయింది. సాయిదుర్గ ప్రాణం లేచొచ్చింది. కెమెరా పైకెత్తి అతని వైపే పెట్టి చూసింది. గొడుగు కనిపించింది, బల్ల కనిపించింది. అతని ముఖం కూడా కనిపించింది, కానీ ముఖం నిండా బుడగలు. అమ్మవారు పోసినట్టు పొక్కులు పొక్కులుగా ఉన్నాడు.

"బుడగలేంటయ్యా ఇవి?"

అతను కార్డుతో మళ్ళీ నెట్టాడు. బుడగలు ఈ మూల నుంచి ఆ మూలకు పోయి, అక్కడ చోటు లేక మళ్ళీ వెనక్కి వచ్చాయి. రోడ్డు మీద బస్సు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ దుమ్ము కూడా కాస్త అందులోకి చేరింది.

"రెండు దినాలల్ల సెట్ అయితయి" అన్నాడతను.

"నాకు రేపు కావాలి."

"ఫొటోల రావమ్మా బుడగలు. ఉత్త సూసేటప్పుడే కనపడ్తయి. గంత పరేషాన్ ఎందుకు?"

"చూసేటప్పుడే కదయ్యా నాకు కావలసింది!"

ఆ గొంతుకు వెనకున్నవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు. అతను బ్లేడు కింద పెట్టి, "నెక్స్ట్" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి సూరి టీవీ ముందు కూర్చున్నాడు. సంగతంతా విని, ఒకసారి కెమెరాను, ఒకసారి వంటింటి గుమ్మంలో నక్కి వింటున్న తల్లిని చూశాడు.

"పోనీలే దుర్గా. ఫోన్ చేసి ఒంట్లో బాగోలేదని చెప్పేయ్."

"రేపు క్యాబులు లేవని మీ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్తారా మీరు?"

"అదీ ఇదీ ఒకటేంటి?"

"ఎందుక్కాదు?"

సూరి టీవీ శబ్దం కాస్త పెంచాడు. వంటింట్లోంచి ముసలమ్మ, "ఒరే, దాంతో పెట్టుకోకు" అని గొణిగింది.

సాయిదుర్గ ఇస్త్రీపెట్టె వేడిచేసి, మెత్తటి గుడ్డకు ఆ వేడి పట్టించి, గుడ్డను కెమెరా వెనక అద్దింది. కుట్టుమిషను పెట్టెలోని చిన్న సూదితో లామినేషన్ మూల ఎత్తింది. ఆ బుడగల కాయితం ఒక్కటి పోతే పొద్దున ఉన్న మసకైనా మిగులుతుంది అనుకుంది. కాయితం మొండిగా పట్టుకుంది. ఇంకొంచెం వేడి అద్ది, మూల పట్టుకుని లాగింది.

టప్‌మని చప్పుడైంది. కాయితంతో పాటు తెర మీది గట్టి అద్దమే పైకి లేచొచ్చింది. అంచున ఒక బీట కూడా పడింది.

"అయిపోయింది" అంది సాయిదుర్గ. "అంతా అయిపోయింది."

"ఏటే, ఏటైపోనాది?" ముసలమ్మ పరుగున వచ్చి మీదికి వంగింది.

సాయిదుర్గ ఆశ లేకుండానే కెమెరాను అత్తగారి వైపు ఎత్తి బటన్ నొక్కింది. తెర వెలిగింది. అందులో ముసలమ్మ ఉంది. పొద్దున పెట్టుకున్న బొట్టు, చెమటకు చెదిరిన కుంకం, ముక్కుపుడక, కంగారుతో తెరుచుకున్న నోరు, అన్నీ నీళ్ళలో చూసినంత తేటగా ఉన్నాయి. పళ్ళపొడి తిన్నదంతా పైన అద్దంలా ఉన్న ప్లాస్టిక్ మూతనే. లోపలి తెరకు ఒక్క గీతా లేదు.

"సూసినావా, బాగానే ఉంది కదే" అంది ముసలమ్మ.

బాగానే ఉంది. కానీ ఇప్పుడు దాని మీద ఏ కప్పూ లేదు, రెప్ప లేని కన్ను మాదిరి ఉంది. వేలితో గట్టిగా ఒత్తితే చాలు, పోతుంది. రేపేమో గంధాలూ పసుపులూ పూసుకున్న చేతులు ఇల్లంతా ఉంటాయి. ఆడవాళ్ళెవరూ తమ ఫొటోను ఊరికే చూడరు, వేలు పెట్టి చూస్తారు. "ఇదేనా నేను?" అని తమ ముఖాన్ని తామే పొడుచుకుంటారు.

దానికో మూత కావాలి. సాయిదుర్గ ఇల్లంతా వెతికింది. గాజుల పెట్టె మూత మందంగా ఉంది, కత్తెర దిగలేదు. దేవుడి పటం మీది ప్లాస్టిక్ వైపు చూస్తుంటే ముసలమ్మ అడ్డంగా నిలబడి, "దాని జోలికెళ్ళకు" అంది. చివరికి పండక్కి సూరికి కొన్న చొక్కా డబ్బా దొరికింది, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు ఉంది. మొదటి ముక్క చిన్నదైంది. తర్వాతది పెద్దదైంది. ఆ తర్వాత దానికి మధ్యలో మడత గీత వచ్చింది. విసిగి విసిగి కోసిన ఇంకో ముక్క సరిగ్గా కూర్చుంది. అంచులకు సెలోటేపు వేసింది. కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా, బొమ్మ కనిపిస్తోంది.

"రేపు నానూ వత్తాను" అంది ముసలమ్మ.

"మీరెందుకు?"

"ఎవ్వుల్నీ దాని మీద సెయ్యి ఎయ్యనీను."

వద్దు అనడానికి సాయిదుర్గకు మనసు రాలేదు. ఆ మనసు రాకపోవడమే మర్నాడు కొంపముంచింది.

యాప్రాల్‌లో ఆ అపార్టుమెంటు కొత్తది. లిఫ్టులో ఇంకా పెయింటు వాసన ఉంది. హాల్లో సుకన్యను కుర్చీలో కూర్చోబెట్టారు. ఆకుపచ్చ పట్టుచీర, పూలజడ, ముందున్న బల్ల మీద పళ్ళు, మిఠాయిలు, రంగురంగుల గాజులు. ఒక్కొక్కరూ వచ్చి బొట్టు పెట్టి, మెడకు గంధం పూసి, గాజులు తొడిగి, అక్షింతలు వేస్తున్నారు. గోడ పక్కన కుర్చీలో సుకన్య అమ్మమ్మ అనసూయమ్మ కూర్చుంది. తెల్లటి జుట్టు, బక్కపలచని మనిషి. కెమెరా ఇటు తిరిగినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది.

సాయిదుర్గ తీస్తోంది, చూపిస్తోంది. "ఉంచనా?" అంటోంది. మొదట్లో బాగానే నడిచింది. తర్వాత వేళ్ళు మొదలయ్యాయి. ఒకావిడ తన ముక్కును చూపించడానికి పెట్టిన వేలు పసుపుపచ్చటి మచ్చ వదిలింది. ఇంకొకావిడ కుంకం వదిలింది. సాయిదుర్గ తుడుస్తూనే ఉంది. తుడిచినకొద్దీ టేపు అంచులు లేస్తున్నాయి.

అప్పుడు కాపలాకని వెంట వచ్చిన ముసలమ్మ రంగంలోకి దిగింది. లావుపాటి నెక్లెసు వేసుకున్న ఒకావిడ, సుకన్య మేనత్తట, కెమెరా వైపు చెయ్యి చాపగానే ఆ చేతిని గాలిలోనే ఆపింది.

"సెయ్యి ఎట్టకమ్మా. దూరం నుంచి సూడు."

"ఏందీ?"

"ముట్టుకోకు. మాసిపోద్ది."

హాల్లో మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆవిడ ముఖం ఎర్రబడింది. "మా చేతులు గంత గలీజున్నయా? మేం ముట్టుకుంటే మైలపడ్తదా మీ కెమెరా?"

"ఒలమ్మో, మైలని ఎవులన్నారు? మాసిపోద్దన్నాను."

"అంటే మేం మాసినోళ్ళమా?"

"అత్తా, జెర ఊకో" అని కుర్చీలోంచే సుకన్య బతిమాలింది. పూలు, గాజులు, ఒళ్ళో పళ్ళు పెట్టుకుని ఆ పిల్ల లేవలేకపోయింది.

"ఊకునేదేంది? ఇంటికొచ్చినోళ్ళను ముట్టుకోవద్దంటరా ఎవరన్న?"

సాయిదుర్గకు భూమి చీలితే బాగుండుననిపించింది. "అమ్మా, ఆవిడకు పెద్దతనం. మనసులో ఏమీ లేదు. ఈ అద్దం కొంచెం లేతది, అంతే. తప్పుగా అనుకోకండి. మీరు పట్టుకుని చూడండమ్మా" అని కెమెరాను తానే ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ కావాలనే రెండు చేతులా పట్టుకుని, ప్రతి వేలూ ఆనించి, తన ఫొటో చూసి, "ఉండనియ్యి" అని తిరిగి ఇచ్చింది.

గంధం రేకు కిందికి కూడా దిగింది. సాయిదుర్గ పక్కకు తిరిగి రేకు తీసి తుడవబోయింది. టేపు ముడుచుకుపోయి, రేకు నలిగి, రెండుగా చిరిగింది. వేరే ముక్క తెచ్చుకోవాలన్న ఆలోచనే నిన్న తోచలేదు. ముసలమ్మ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "నాను మంచికే కదే" అని గొణుగుతోంది. సాయిదుర్గ చేతిలో కెమెరా మూత లేకుండా ఉంది.

సరిగ్గా అప్పుడే సుకన్య పిలిచింది. "అమ్మమ్మా, నువ్వు రాయే."

అనసూయమ్మ లేచి వచ్చింది. సాయిదుర్గ దగ్గర ఆగి, "సూపియ్యక ఉంచవు గద?" అని అడిగింది.

"ఉంచనమ్మా."

"నోరు తెరిసి ఉంటే తీసేస్తవు గద?"

"తీసేస్తాను."

అనసూయమ్మ మనవరాలికి బొట్టు పెట్టింది. గంధం పూసింది. ఒక్కొక్క గాజూ తొడుగుతూ, ఆ చేతిని వదలకుండా అలాగే పట్టుకుని, మనవరాలి ముఖంలోకి చూసింది. కొంగు సంగతి మరిచిపోయింది. పెదవులు మూసే ఉన్నాయి గానీ ముఖమంతా నవ్వే. సాయిదుర్గ నొక్కింది. నొక్కగానే తెలిసిపోయింది, ఇంతకంటే మంచి ఫొటో ఆమె ఎప్పుడూ తీయలేదు.

"సూపియ్యి" అని అనసూయమ్మ రెండు చేతులూ చాపింది. వేళ్ళకు గంధం తడి ఇంకా ఆరలేదు.

"నేను పట్టుకుంటానమ్మా, మీరు చూడండి" అనాలి. ఆ మాట నాలుక మీద ఉంది. కానీ మేనత్త అక్కడే నిలబడి చూస్తోంది. హాల్లో అందరూ చూస్తున్నారు. ఇప్పుడు ఈ ముసలావిడ చేతిని కూడా ఆపితే శ్రీమంతం ఇంట్లో రెండోసారి ముట్టుకోవద్దన్నట్టే అవుతుంది. సుకన్య ముఖం ఇప్పటికే పాలిపోయి ఉంది. సాయిదుర్గ కెమెరాను ఆ తడి చేతుల్లో పెట్టింది.

అనసూయమ్మ దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"నోరు మూసుకునే ఉన్న" అంది, తనలో తానే.

"అవునమ్మా."

"పిల్ల మంచిగొచ్చింది." ఇంకా దగ్గరికి తెచ్చుకుంది. "గిది ఏందీ, నా కండ్ల కింద గిట్ల నల్లగ?" అని గోటితో ఒక్క పోటు పొడిచింది.

చిటుక్కుమంది. ఎవరికీ వినిపించనంత చిన్న చప్పుడు, సాయిదుర్గకు మాత్రం చెంప మీద కొట్టినట్టు వినిపించింది. ఆ గోటి కింద నుంచి సిరా ఒలికినట్టు నలుపు లేచి, నెమ్మదిగా తెరంతా పాకింది.

"అయ్యో, పోయిందా?" అనసూయమ్మ కంగారుపడింది. "నా ఫొటో పోయిందా బిడ్డా?"

"ఫొటో పోలేదమ్మా. లోపల ఉంది. కనబడటమే పోయింది."

"నేన్ సూసిన. మంచిగున్నది. తీసెయ్యకు. ఉంచు."

సుకన్య కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

మిగిలిన కార్యక్రమం సాయిదుర్గ గుడ్డిగా తీసింది. ఎవరి తల తెగిందో, ఎవరి కళ్ళు మూసుకున్నాయో తెలియదు. "సూపియ్యవా?" అని అడిగినవాళ్ళకు "ఇప్పుడు కనబడదమ్మా" అని చెప్పింది. ఇద్దరు ముగ్గురు "అయితే వద్దులే" అని భోజనాల వైపు వెళ్ళిపోయారు. మేనత్త కూడా వెళ్ళబోతుంటే అనసూయమ్మ ఆపింది. "నిలబడే. నాది నేన్ సూసిన గద, మంచిగ తీస్తది." ఆవిడ నిలబడింది గానీ, ముఖం గంటు పెట్టుకునే నిలబడింది.

తిరుగు దారిలో ఆటోలో అత్తాకోడళ్ళు చెరో వైపు చూస్తూ కూర్చున్నారు. సాయిదుర్గ లోపల ఉడికిపోతోంది. ఎవర్ని తిట్టుకుందామన్నా ఒక్కరూ దొరకడం లేదు. ఒకరు భక్తితో పాడుచేశారు. ఒకరు కాపలా కాసి పాడుచేశారు, వారూ వీరూ ఒకరే. ఇంకొకరు సంబరంతో పాడుచేశారు. దొంగ ఎవడైనా ఎత్తుకుపోయినా ఇంతకంటే బాగుండేది, కనీసం నోరారా తిట్టుకునేది.

మర్నాడు కాలనీలోని ఇంటర్నెట్ సెంటరులో కార్డు పెట్టించి చూసింది. చివర్లో తీసిన వాటిలో చాలావరకు తలలు లేవు. మేనత్తది మాత్రం, ఏం చిత్రమో, నెక్లెసుతో సహా చక్కగా వచ్చింది. అనసూయమ్మ ఫొటో పెద్ద తెర మీద తెరుచుకున్నప్పుడు సెంటరు నడిపే ఆయన కూడా పని ఆపి ఒక్క క్షణం చూశాడు.

సాయంత్రం సుకన్య ఫోన్ చేసింది. "అక్కా, అమ్మమ్మ అందర్నీ పిలిచి ఫొటో గురించే చెప్తున్నది. బారసాలకు సుత మీరే రావాలె. గప్పుడు సూపిస్తరు గద?"

"చూపిస్తాను" అంది సాయిదుర్గ. ఎలా చూపిస్తుందో ఆమెకే తెలియదు. ఫోన్ పెట్టేసి, నల్లబడిన తెర వైపు చూసి, ఒళ్ళు మండి, కెమెరాను సంచిలో కుక్కి జిప్పు లాగేసింది.

ముసలమ్మ చాలాసేపు తటపటాయించి దగ్గరికి వచ్చింది.

"నాను మైల అనలేదే."

"తెలుసు అత్తయ్యా."

"వచ్చే ఏడు పూజకి దీనికి బొట్టు ఎక్కడెట్టమంటావు మరి?"

సాయిదుర్గ నుదురు కొట్టుకోబోయి ఆగింది. "సంచికి పెట్టండి. కెమెరాను బయటికి తీయొద్దు. సంచికి పెట్టండి, చాలు."

ముసలమ్మ సంచిని చేతిలోకి తీసుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది, తలకిందులు చేసి కూడా చూసింది.

"దీనికి నుదురు ఎటుపక్కే?" అంది.